నడుం నొప్పికి పేరు పెట్టే ముందు

చేజర్ల అనగానే చాలామందికి పల్నాడులోని కపోతేశ్వరాలయం గుర్తొస్తుంది. ఇది ఆ చేజర్ల కాదు. నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరు డివిజన్లో, పెన్న పక్కనున్న మండలం. 2020లో ఏటి ఇసుకలోంచి పాత శివాలయం బయటపడిందని పత్రికల్లో వచ్చిన పెరుమాళ్లపాడు ఈ మండలంలోదే. జిల్లాలో పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల వానలను నమ్ముకున్నది కనుక వరినాట్లు చలి మొదలయ్యాక ఊపందుకుంటాయి. నారు పీకేదీ, నాటేదీ, కలుపు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ముఠాల్లో కడుపుతో ఉన్నవాళ్లూ ఉంటారు. కూలి డబ్బు అవసరం నెలలు నిండేదాకా ఆగదు.

అలాంటి మనిషి ఓ సాయంత్రం గట్టెక్కి "నడుం లాగతా ఉంది" అంటే చుట్టూ సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. అత్త "క్యాల్షియం తక్కువైందిలేమ్మా" అంటుంది. పక్కింటావిడ "ఈ బోరు నీళ్లు తాగితే నడుములు నిలుస్తాయా?" అంటుంది. రెండో కాన్పయితే ఇంకో మాట తప్పకుండా వినపడుతుంది: "మొదటిదానికి ఆపరేషన్ చేసి నడుంలో సూది వేశారుగా, దాని పుణ్యమే." ఈ మాటలు గాల్లోంచి పుట్టలేదు, ఒక్కోదాని వెనకా ఏదో కథ ఉంది. కానీ గర్భిణి నడుం నొప్పికి మామూలు కారణం వీటిలో ఏదీ కాదు. కారణం తప్పు పడితే మందూ తప్పే పడుతుంది. ఈ నొప్పి సంగతిలో నొప్పి చేసే హాని కన్నా తప్పు మందు చేసే హాని ఎక్కువ.

నీళ్ల మీద అనుమానానికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో వైద్యులు మొదట వివరంగా నమోదు చేసింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు ఆ పరిశోధన ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి కూడా ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక అవి అటు వెళ్లిపోయాయి. ఫ్లోరైడ్ మాత్రం ఉదయగిరి, వరికుంటపాడు వైపు మెట్ట ఊళ్ల బోర్లలో ఇటే ఉండిపోయింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన భారతీయ ప్రమాణం ఇంకాస్త గట్టిది: 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతేనే 1.5 దాకా.

అయితే ఫ్లోరైడ్ నడుమును పట్టడానికి ఏళ్లు పడుతుంది. వెన్నుపూసలను కట్టి ఉంచే బంధనాల్లో సున్నం పేరుకుని వెన్ను కర్రలా అవుతుంది. వంగలేరు, మెడ తిప్పి వెనక్కి చూడలేరు. ఇది ఎక్కువగా నడివయసు దాటాక బయటపడే జబ్బు. పాతికేళ్లు నిండని అమ్మాయికి ఐదో నెలలో మొదలై, పగలంతా పనిచేశాక పెరిగి, పక్క మీద వాలితే తగ్గే నొప్పి వేరు. ఫ్లోరైడ్ నడుమును బిగిస్తుంది, గర్భం నడుమును వదులు చేస్తుంది. కడుపు రాకముందు నుంచే నడుము బిగుసుకుని ఉంటే, చిన్నప్పటి నుంచీ అవే బోరు నీళ్లు తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సిందే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. ఫ్లోరైడ్ పాత్ర అంతవరకే.

మరి మామూలు కారణం ఏమిటి? బరువు, ఆ బరువు ఉన్న చోటు. నెలలు నిండేసరికి బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి కలిసి ఐదారు కిలోలు అవుతాయి. అదంతా వెన్నెముకకు ముందు వైపు వేలాడుతుంది. దాన్ని వెనక నుంచి లాగి పట్టుకోవాల్సింది నడుము కండరాలు. పాతకాలపు ఏతాన్ని తలచుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఇరుసుకు ఒక పక్క మాను పొడవుగా ఉండి, రెండో పక్క పొట్టిగా ఉంటే, పొట్టి వైపు లాగేవాడికి ప్రాణం పోతుంది. వెన్నెముకలో నడుము కండరాలది ఆ పొట్టి వైపే, ఇరుసు నుంచి దాదాపు 5 సెంటీమీటర్లు. కడుపు బరువు 20 సెంటీమీటర్ల ముందుంటే, ఐదున్నర కిలోలను నిలపడానికి కండరం 22 కిలోల బలంతో లాగాలి. ఇది నిటారుగా నిలబడినప్పటి లెక్క. నాటు వేయడానికి నడుము వంచితే తల, చేతులు, ఛాతీ బరువు కూడా అటే చేరుతుంది. అప్పుడు కండరం మీద పడే బలం 100 కిలోలు దాటుతుంది. అలా గంటల తరబడి!

ఇంత భారం మోయడానికి ఆడవాళ్ల వెన్నులో ఒక ఏర్పాటు కూడా ఉంది. 2007లో నేచర్ పత్రికలో కేథరిన్ విట్‌కమ్, లీజా షపీరో, డేనియల్ లీబర్‌మన్ ఒక పరిశోధన ప్రచురించారు. నడుము దగ్గర లోపలికి ఉండే వంపు మగవాళ్లలో రెండు పూసల మీద ఉంటే, ఆడవాళ్లలో మూడు పూసల మీద పరుచుకుని ఉంటుందట. కడుపు పెరిగే కొద్దీ గర్భిణి వెనక్కి వాలి నడుస్తుంది కదా, ఆ వాలు ఒక్క పూస మీద పడకుండా ఈ వంపు పంచుకుంటుంది. లక్షల ఏళ్ల కిందటి ఆస్ట్రలోపితికస్ శిలాజాల్లోనూ ఈ తేడా ఆనవాళ్లు కనిపించాయి. అంటే రెండు కాళ్ల మీద నిలబడ్డ నాటి నుంచీ ఈ నొప్పితో బేరం నడుస్తూనే ఉందన్న మాట. అది నడక కోసం జరిగిన ఏర్పాటు. రోజంతా వంగి నాటు వేయడం ఆ బేరంలో లేదు.

రిలాక్సిన్ అనే హార్మోను మాట కూడా వింటుంటాం. 1926లో ఫ్రెడరిక్ హిసా గినీ పందుల్లో దీని ప్రభావాన్ని కనిపెట్టాడు, వాటి కటి ఎముకలు ప్రసవానికి ముందు వదులై తెరుచుకుంటాయి. మనుషుల్లోనూ గర్భంలో కీళ్లు కాస్త వదులవుతాయి. అయితే రక్తంలో రిలాక్సిన్ ఎక్కువ ఉన్నవాళ్లకే నొప్పి ఎక్కువ అని చాలా అధ్యయనాలు తేల్చలేకపోయాయి. ఈ హార్మోను మూడో నెల దరిదాపుల్లోనే బాగా పెరుగుతుంది, నొప్పేమో ఐదారు నెలల తర్వాత ముదురుతుంది. అన్నిటికీ హార్మోన్లే కారణం అని చెప్పేయడం డాక్టర్లకు కూడా సులువైన దారి.

నొప్పి ఎక్కడుందో వేలితో చూపించమని అడగడం అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. మొలతాడు కట్టుకునే చోటుకు పైన, వెన్ను మధ్యలో చూపిస్తే అది నడుం నొప్పి. కింద, పిరుదుల పైన రెండు గుంటలు పడే చోటనో, ముందు మర్మస్థానం పైనున్న ఎముక దగ్గరో చూపిస్తే అది కటి కీళ్ల నొప్పి. రెండోది ఉన్నవాళ్లు ఒంటికాలి మీద నిలబడలేరు. మెట్లెక్కితే, పక్క మీద ఒత్తిగిల్లితే, బండి ఎక్కితే కలుక్కుమంటుంది. ఈ రెండింటికీ జాగ్రత్తలు కొంచెం వేరు. కటి నొప్పి ఉన్నవాళ్లు పెద్ద బిడ్డను గానీ, నీళ్ల బిందెను గానీ చంకన పెట్టుకుంటే ఒక పక్క కీలు మీదే బరువంతా పడుతుంది. లంగా, ప్యాంటు లాంటివి కూర్చుని వేసుకోవాలి. పక్క మీద తిరగాలంటే రెండు మోకాళ్లూ కలిపి ఉంచి ఒళ్లంతా ఒకేసారి తిప్పాలి. బైకు వెనక ఒకవైపుకి కాళ్లు వేసుకుని కూర్చోవడం మన ఊళ్లలో మర్యాద. కానీ అందులో నడుము ఒక వైపూ, కటి ఇంకో వైపూ మెలి తిరిగి ఉంటాయి, గుంత పడినప్పుడల్లా ఆ మెలికలోనే కుదుపు తగులుతుంది. ఆత్మకూరుకు చెకప్‌కు వెళ్లేటప్పుడు బస్సో ఆటోనో నయం. ఆటోలో కూడా ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంటే కీలు మీద మోత తగ్గుతుంది.

వ్యాయామం అంటే నవ్వేవాళ్లున్నారు. "పొద్దస్తమానం పొలంలో ఒళ్లు వంచుతుంటే మళ్లీ వ్యాయామమా?" పొలం పని ఒకే కండరాన్ని ఒకే దిక్కులో, విశ్రాంతి లేకుండా వాడుతుంది. వ్యాయామం ఆ కండరానికి తోడుగా పొట్టనూ పిరుదులనూ గట్టిపరుస్తుంది. 2015లో కోక్రేన్ సంస్థ 34 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 5,121 మంది గర్భిణుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. వ్యాయామం నడుం నొప్పిని తగ్గిస్తుందనీ, నొప్పి వల్ల పని మానే రోజులను తగ్గిస్తుందనీ తేలింది. అయితే ఆ ఆధారాలు అంత బలమైనవి కావని కూడా వాళ్లే నిజాయితీగా రాశారు. మందులంటూ లేని చోట, హాని లేని పనికి ఆ మాత్రం ఆధారం చాలు. ఇంట్లో చేయదగ్గవి రెండు చెబుతాను. గోడకు వీపు ఆనించి నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము వెనక ఖాళీ పోయేలా గోడకు నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం ఒకటి. చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, వెన్నును మెల్లగా పైకి లేపి మళ్లీ సమంగా దించడం రెండోది. దానికి తోడు చల్లటి పూట నడక. రక్తస్రావం, బీపీ, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే ఇవి కూడా డాక్టరును అడిగే చేయాలి.

పని మాట ఇంటివాళ్లది. ముగ్గు, చీపురు, అంట్లు, బట్టలు అన్నీ వంగి చేసే పనులే. పొడుగు కర్ర చీపురు కొంటే ఖర్చు తక్కువ, ఉపకారం ఎక్కువ. నీళ్లు మోయడం ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. తప్పనిసరైతే ఒక పెద్ద బిందె బదులు రెండు చేతుల్లో రెండు చిన్న బకెట్లు, నడుము కాక మోకాళ్లు వంచి ఎత్తుకోవడం. ఉపాధి హామీ పథకానికి 2013లో వచ్చిన మార్గదర్శకాలు గర్భిణులను ప్రత్యేక వర్గంగా చూసి, ఇంటికి దగ్గరగా తేలిక పని ఇమ్మన్నాయి. పైరు పనుల్లో అలాంటి రాత ఎక్కడా లేదు. అక్కడ గుత్తకు ఒప్పుకున్న ముఠా దయ మీదే అంతా.

ఇక మందులు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. నొప్పి అంటే మెడికల్ షాపులో చేతికి వచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, నిమెసులైడ్. ఒక్కోసారి వాటిని పారాసిటమాల్‌తో కలిపిన మాత్రలు. ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే సూదే వేస్తాడు. ఈ జాతి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపి నొప్పి తగ్గిస్తాయి. కడుపులో బిడ్డ మూత్రపిండాలు సరిగ్గా పనిచేయడానికి ఆ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. అయిదో నెల దాటాక ఉమ్మనీరు అంటే చాలావరకు బిడ్డ పోసిన మూత్రమే. అది తగ్గితే ఉమ్మనీరూ తగ్గుతుంది. అందుకే 2020 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 20 వారాల నుంచీ ఈ మందులు వాడొద్దని హెచ్చరించింది. చివరి మూడు నెలల్లో ఇంకో ప్రమాదం: బిడ్డ గుండె దగ్గర పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. ఒంటికి రాసే డైక్లోఫెనాక్ జెల్ కూడా కొంత రక్తంలోకి వెళుతుంది కాబట్టి దానికీ దూరంగా ఉండటం మేలు. కండరాలు పట్టేసినప్పుడు ఇచ్చే మాత్రల్లో తరచూ ఉండే థయోకాల్చికోసైడ్ గర్భంలో ఏ నెలలోనూ పనికిరాదు.

ఇక్కడ ఒక మినహాయింపు. బీపీ ముప్పు ఉన్న గర్భిణులకు డాక్టర్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. ఇదంతా చదివి దాన్ని మానేయకూడదు.

నొప్పి తట్టుకోలేనప్పుడు డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్నాళ్లే వాడదగ్గది పారాసిటమాల్. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని ఆటిజంతో ముడిపెట్టి మాట్లాడాక మన వాట్సాప్‌లలోనూ భయం పాకింది. అంతకు ముందే 2024లో స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లల వివరాలతో జరిగిన అధ్యయనం, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే అలాంటి సంబంధం కనబడలేదని తేల్చింది. వేడి నీళ్ల సంచి గుడ్డలో చుట్టి నడుముకు పెట్టుకోవచ్చు, పొట్ట మీద వద్దు. నూనె రాసి మెల్లగా మర్దనా చేస్తే హాయిగానే ఉంటుంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తన్నిస్తే పట్టు వదులుతుందని ఒక నమ్మకం మన ఊళ్లలో ఉంది. పండుగకు నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, కడుపుతో ఉన్నవాళ్ల మీద ప్రయోగించే సాహసం వద్దు.

నడుం నొప్పిలా వచ్చి నడుం నొప్పి కానివి కొన్ని ఉన్నాయి. పొలంలో పనిచేసే ఆడవాళ్లు మూత్రానికి చాటు దొరకదని నీళ్లు తక్కువ తాగుతారు, వచ్చిందాన్ని బిగబట్టుకుంటారు. గర్భంలో మూత్రనాళాలు ఎలాగూ వదులై, కడుపు ఒత్తిడికి మూత్రం నిలవ ఉంటుంది. అక్కడ ఇన్ఫెక్షన్ చేరి మూత్రపిండానికి ఎక్కితే పక్కటెముకల కింద, ఎక్కువగా ఒక వైపు, నొప్పి మొదలవుతుంది. చలి జ్వరం, వాంతులు, మూత్రంలో మంట తోడవుతాయి. ఇది ఆసుపత్రిలో చేర్చి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిన జబ్బు. నడుం నొప్పనుకుని సూది వేయించుకుని పడుకుంటే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. అలాగే నొప్పి లెక్క ప్రకారం వచ్చి పోతూ, దగ్గర దగ్గర పడుతుంటే అవి పురిటి నొప్పులు. కొందరికి అవి నడుంలోనే మొదలవుతాయి. 37 వారాల లోపు అలా అనిపిస్తే తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా అంతే. కాలు మొద్దుబారి బలం తగ్గడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం అరుదు. కానీ అవి వెన్నులో నరం నలిగిందనే గుర్తులు, గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి. 108కి ఫోన్ చేయడానికి ఇంతకన్నా మంచి కారణాలు లేవు.

రాత్రి పడక గురించి. నులక మంచం వదులై మధ్యలో గోతిలా దిగితే నడుము అందులో వేలాడుతుంది. నులక బిగించాలి, లేదా నేల మీద మందపాటి పరుపు వేసుకోవాలి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు, పొట్ట కింద మడత పెట్టిన దుప్పటి. ఏడో నెల నుంచి వెల్లకిలా నిద్రకు ఉపక్రమించకూడదు. కడుపు బరువు వెనకున్న పెద్ద సిరను నొక్కి గుండెకు రక్తం తగ్గిస్తుంది. అలా పడుకునేవారిలో బిడ్డ కడుపులోనే పోయే ముప్పు ఎక్కువని 2019లో పలు దేశాల సమాచారం కలిపి చూసిన అధ్యయనం చెప్పింది. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉన్నామనుకోండి, కంగారు అక్కర్లేదు, పక్కకు తిరిగితే చాలు.

అత్తగారి క్యాల్షియం మాట సగం మంచిదే. నాలుగో నెల నుంచి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల మాత్ర ప్రభుత్వమే ఇస్తుంది. అది ముఖ్యంగా బీపీ ముప్పు తగ్గడానికీ, బిడ్డ ఎముకలకూ. ఐరన్ మాత్రతో కలిపి మింగితే రెండూ సరిగ్గా ఒంటబట్టవు, మధ్యలో కనీసం రెండు గంటలుండాలి. అన్నంతో పాటు వేసుకుంటే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో అదనపు లాభం ఉంది: క్యాల్షియం పేగులో కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంట్లోకి పోనివ్వదు. నడుము మీద పడే బరువును మాత్రం ఏ మాత్రా దించదు.

సూది కథ మిగిలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. చాలావాటికి నడుములోనే మత్తు ఇస్తారు. కాబట్టి నడుం నొప్పి ఉన్న తల్లీ, నడుంలో సూది పడ్డ తల్లీ ఒకరే కావడం మామూలు. ఈ అనుమానం మనకే కాదు, ఇంగ్లండులోనూ వచ్చింది. 1990లో వచ్చిన బర్మింగ్‌హామ్ అధ్యయనంలో 11 వేల మందికి పైగా తల్లులను ప్రశ్నాపత్రాలతో అడిగితే, పురిటి నొప్పులు తగ్గడానికి నడుములో మత్తు తీసుకున్నవారిలో దాదాపు 19 శాతం మందికి, తీసుకోనివారిలో 10.5 శాతం మందికి తర్వాత నడుం నొప్పి వచ్చినట్టు తేలింది. అంతే, సూదే దోషి అనుకున్నారు. కానీ ఆ మత్తు తీసుకున్నవారు ఎవరు? ప్రసవం కష్టమై, ఎక్కువసేపు నలిగినవారు. పైగా ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుని చెప్పిన జవాబులవి. తర్వాత తల్లులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆ మత్తు, ఇంకో గుంపుకు వేరే నొప్పి మందు ఇచ్చి చూశారు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ ఫలితంలో రెండు గుంపుల నడుం నొప్పిలో తేడా లేదు. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి బలమైన ముందస్తు గుర్తు, కడుపుతో ఉన్నప్పుడే ఆ నొప్పి ఉండటం. అప్పటి నొప్పిని ఎవరూ రాసిపెట్టుకోరు, సూది మాత్రం అందరికీ గుర్తుంటుంది.

దీనివల్ల ఒక నష్టం ఉంది. ఆ సూది భయంతో ఆపరేషన్ అవసరమైనప్పుడు పూర్తి మత్తు అడిగేవాళ్లున్నారు, అది తల్లికి ఇంకా ప్రమాదం.

కాన్పు తర్వాత చాలామందికి మూడు నెలల్లో నొప్పి తగ్గిపోతుంది. బిడ్డ మీదికి వంగి పాలివ్వకుండా, గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు పెట్టి బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకుంటే ఆ తగ్గడం త్వరగా జరుగుతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవాలి. గర్భంతో ఉన్నప్పుడు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే పరీక్షలకు వెళ్లినప్పుడే నొప్పి సంగతి చెప్పి, తల్లీబిడ్డల కార్డులో రాయించుకోవడం మంచిది. 2016లో మొదలైన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు డాక్టరు చూస్తారు. ఒక కాన్పులో నొప్పి పడ్డవాళ్లకు తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లకు గోడ దగ్గరి ఆ వ్యాయామం మొదలుపెట్టాల్సిన కాలం రెండో కడుపు రాకముందే.